మధ్యాహ్నం మోగని గంట

ఆ రోజుల్లో సింగపూర్‌లో మా ఆంధ్రా వాళ్ళకు రాని విద్య అంటూ ఉండేది కాదు. ఆరు నెలల కోర్సు చేసి విమానం ఎక్కిన ప్రతివాడూ బ్యాంకులకు, ఆస్పత్రులకు, ఓడరేవులకు ప్రోగ్రాములు రాసేసేవాడు. నేను ఇంకాస్త ఘనురాలిని. ఏకంగా సముద్రానికే రాశాను.

మా కంపెనీ బుకిట్ బటోక్‌లో ఒక గోదాము మీది అంతస్తులో ఉండేది. ఉష్ణమండల దీవులన్నిటిలో చేపల పెంపకాన్ని కంప్యూటర్లతో నడిపించడం మా వ్యాపారం. వెబ్‌సైటు ఉంది, విజిటింగ్ కార్డులున్నాయి, గోడ మీద దీవుల మ్యాపు ఉంది. చేపలే ఇంకా లేవు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది మా వ్యవహారం.

ఇంటర్వ్యూలో మేనేజరు మా నాన్న ఏం చేస్తారని అడిగాడు. కొల్లేరు పక్కన చేపల చెరువులున్నాయన్నాను. అంతే, ఆ నిమిషం నుంచి నేను నిపుణురాలిని. ఆ చెరువు గట్టు మీద నేను చేసిన ఒకే ఒక్క పని పరీక్షలకు చదువుకోవడమని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

ముందు ఒక నివేదిక రాయించాడు. అవకాశాలు పదకొండు పేజీలు వచ్చాయి. ఏడాదంతా ఎండ, దీవి చుట్టూ నీళ్ళు, ఆ నీళ్ళ చుట్టూ చేపలంటే చెవి కోసుకునే జనం. అవరోధాలు ఒక పేజీ వచ్చాయి. చేపపిల్లల్ని బయటి నుంచి తెచ్చుకోవాలి, చోటు తక్కువ, పనివాళ్ళు దొరకరు, పక్కనే ఓడలు, ఒక రోగం వస్తే ఊడ్చుకుపోతుంది. అతను చదివి, అక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే 'లా' తగిలించి, "టూ నెగటివ్ లా" అని సగం కొట్టేశాడు.

ఇక చూపించడానికి నిజమైన చేపలు కావాలి. అవి మేనేజరు వాళ్ళ నాన్న దగ్గరున్నాయి.

ఆయన తాతగారు తెల్లదొరల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చారట. ఆయన మాత్రం పుట్టిందీ పెరిగిందీ సెంబవాంగ్‌లోనే. ఒడ్డుకు కాస్త దూరంలో, ప్లాస్టిక్ పీపాల మీద చెక్కలు పరిచి, వాటికి సముద్రంలోకి వలలు వేలాడదీసి, ఆ వలల్లో పండుగప్ప పెంచేవారు. దాన్ని ఆయన సియాకాప్ అనేవారు. భార్య పోయినప్పటి నుంచి ఆ చెక్కల మీదే కాపురం. డెబ్బై ఏళ్ళొచ్చాయి, టోవా పాయోలోని తన ఫ్లాటుకు వచ్చెయ్యమని కొడుకు పోరు. ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఈ పంటను మా మిషన్ గట్టెక్కిస్తే ఆయన నీళ్ళ మీదే ఉండిపోవచ్చు. లేదంటే వలలు ఎత్తేసి ఫ్లాటుకు వెళ్ళాలి.

మొదటిసారి పడవ దిగగానే ఆయన, "ఏమ్మా, మాకాన్ అయిందా?" అన్నారు. భోజనం అయిందా అని. అయిందన్నా వినకుండా అన్నం, చేపల పులుసు పెట్టి, నేను తింటుంటే నేను తెచ్చిన మిషన్ పెట్టెను చూశారు. నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో ఒక కడ్డీ కొలుస్తుంది, తగ్గితే గంట మోగుతుంది, మోగితే గాలి పంపు వెయ్యాలి. అంతకంటే ఏమీ లేదు. బ్యాటరీ ఆదా కోసం రోజంతా కొలవనివ్వకుండా, వేకువన మూడింటి నుంచి ఆరింటి దాకే కొలవమని రాశాను. చేపల చెరువున్న ప్రతి ఇంట్లో పసిపిల్లకైనా తెలుసు, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలేది తెల్లవారుజామునే. పొద్దెక్కితే చెరువు దానంతట అదే తేరుకుంటుంది.

"ఇక్కడ పొద్దు చూడకమ్మా. నీళ్ళు నిలబడే టైం చూడు" అన్నారాయన. "పోటు అయిపోయి పాటు మొదలవ్వక ముందు నీళ్ళు కదలవు, వలల్లో చేపకు గాలి అందదు. అష్టమి దగ్గర చానా సేపు నిలబడతాయి. అది పగలూ రావచ్చు లా."

"మా నాన్నవి ఇరవై ఎకరాల చెరువులు అంకుల్" అన్నాను. ఎంత తెలివైన జవాబో చూడండి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పెట్టుబడి పెట్టే పెద్దమనుషులు చూడ్డానికి వస్తామన్నారు. వాళ్ళొచ్చే ముందు పదిరోజులు మనిషి చెయ్యి పడకుండా అంతా మిషనే చేసినట్టు రికార్డు ఉండాలి. మేనేజరు పడవలో వచ్చి మరీ వాళ్ళ నాన్నకు చెప్పాడు. "పా, డోంట్ టచ్ ద పంప్. వెయిట్ ఫర్ ద అలారం, ఓకే?" ఆయన తల ఊపారు.

ఎనిమిదో రోజు అష్టమి. మధ్యాహ్నం రెండింటికి ఆఫీసుకు ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మేము వెళ్ళేసరికి నాలుగు వలలూ తెల్లగా ఉన్నాయి, పొట్టలు పైకి తేలిన చేపలతో. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని బుట్టతో ఎత్తి పడవలో పోస్తున్నారు. నా వైపు చూసి, "ఎండలో నిలబడకమ్మా, తల నొప్పి వస్తుంది" అన్నారు.

పెట్టెలో ఆ మధ్యాహ్నానికి ఒక్క అంకె కూడా లేదు. ఎందుకుంటుంది? పొద్దున ఆరింటికే దాన్ని నిద్రపుచ్చాను కదా. ఆ ఆదివారం నాన్నకు ఫోన్ చేసి, ఎవరికో జరిగినట్టు చెప్పాను. "సముద్రం చెరువులాగుంటదని ఆ ఎదవకి ఎవడు చెప్పాడే?" అన్నారు నాన్న. ఎవరో తెలియదన్నాను.

మేనేజరుకు ప్రకృతి వైపరీత్యమని చెప్పాను. ఉద్యోగం పోతే వీసా పోతుంది, భయం వేసింది. అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. నివేదికలో అవరోధాల కింద ఆ మాట చేరింది. పెద్దమనుషులు రాలేదు. కొన్నాళ్ళకు కంపెనీ కూడా తేలింది, పొట్ట పైకి పెట్టి. నాకు వెంటనే ఒక బ్యాంకులో ఇంకా పెద్ద ఉద్యోగం వచ్చింది. ఆ రోజులు అలాంటివి.

ఆయనను చూడ్డానికి వెళ్ళడానికి నాకు ఐదు నెలలు పట్టింది. టోవా పాయోలో పదకొండో అంతస్తు. వంటగది గోడకు పోటుపాటుల పట్టిక వేలాడదీసుకున్నారు. కిటికీలోంచి చూస్తే ఎదుటి బ్లాకులో ఆరేసిన బట్టలు తప్ప నీటిచుక్క కనబడదు. మళ్ళీ అదే ప్రశ్న, మాకాన్ అయిందా అని. ఈసారి కంచం ముందు కూర్చోకముందే చెప్పేశాను. గంట మోగకపోవడం నా తప్పు, పగలు కొలవొద్దని రాసింది నేనే అన్నాను. ఏడ్చాను కూడా.

ఆయన గోడ గడియారం చూసి, పట్టిక చూసి, "ఇప్పుడు నిలబడి ఉంటాయి నీళ్ళు" అన్నారు. తర్వాత నా పక్కన కూర్చున్నారు.

"ఆ రోజూ చూశానమ్మా. పన్నెండు గంటలకే నిలబడినాయి. చేపలు పైకొచ్చినాయి. పంపు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను."

"మరి ఎందుకు వెయ్యలేదు అంకుల్? మాటిచ్చారనా?"

"మాటేముంది లా, నా కొడుకే కదా, తిడితే తిడతాడు" అన్నారు. "మోగుతుందిలే అనుకున్నాను. చేపల రైతు కూతురు కదా, తెలియకుండా రాస్తుందా అని."