తెగని గీత

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదట్నించీ ఒళ్లుమంట. మా పేటలో ఎవరికి ఏం కనిపించినా, ముందు వెళ్లి కళ్లు చూపించుకోమనేవాణ్ణి. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

యుద్ధం రోజులవి. బెంగళూరు కబ్బన్‌పేటలో మాది నేతపని ఇల్లు. అన్న పటాలంలో చేరి బర్మా వైపు వెళ్లాడు. నాలుగు నెలలుగా ఉత్తరం లేదు. అతను సగం నేసిన చీర మగ్గం మీద అలాగే ఉంది. అక్కడ ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు అమ్మ.

నేను చీర అంచులకు నమూనాలు గీసే పని నేర్చుకుంటున్నాను. మా డ్రాయింగు మాస్టారు ఒక సాధన చెప్పారు. వస్తువు అంచు వెంట చూపు నడవాలి, చూపుతోపాటే పెన్ను నడవాలి. కాగితం వంక చూడకూడదు, పెన్ను ఎత్తకూడదు. పేజీ కింద తేదీ వేయాలి. అన్న వదిలి వెళ్లిన ఇంకు పెన్నుతో రోజూ పొద్దున్నే ఒక తెల్లకాగితాల పుస్తకంలో అతని ఖాళీ మగ్గాన్ని గీయడం మొదలుపెట్టాను.

మొదటి రోజు గీయడం అయ్యాక చూస్తే, వంకర టింకర మగ్గం ముందు మనిషి కూర్చుని ఉన్నాడు. ఎడమ భుజం కాస్త వాల్చి, అచ్చం అన్నలాగే. చెయ్యి అలవాటుగా తిరిగిందనుకున్నాను. మర్నాడు చోటు మార్చి, వెనక కూర్చుని గీశాను. ఈసారి అతని వీపు వచ్చింది.

అమ్మకు చూపించి ఉండకూడదు. చూపించాను. ఆమె ఏడవలేదు, నవ్వింది.

"ఉండాడప్పా! ప్రాణంతోనే ఉండాడు నా కొడుకు," అంది. ఆ రోజునుంచి ఆనాటి బొమ్మ చూశాకే ముద్ద ముట్టేది.

పదకొండు రోజులు వచ్చాడు. పన్నెండో రోజు మగ్గం ఒక్కటే వచ్చింది.

మళ్లీ గీశాను. మళ్లీ ఖాళీ. వంటింట్లో అమ్మ ఎదురుచూస్తోంది. పేజీ తిప్పి, కాగితం చూస్తూ అన్నను నేనే గీశాను. భుజం వాల్చి మరీ గీశాను.

అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ తెగిన పోగులు అతికీ అతికీ ఆమె వేళ్లు కళ్లకన్నా బాగా చూస్తాయి. గీత వెంట వేలు నడిపింది. మెడ దగ్గర ఆగింది, మోచేతి దగ్గర ఆగింది. నేను పెన్ను ఎత్తి మళ్లీ పెట్టిన చోట్లవి.

"ఈడ తెగినాది. ఈడ అతికినావు," అంది. "వాడు ఈ పొద్దు రాలేదు కదప్పా?"

నేను పేజీ వెనక్కి తిప్పి ఖాళీ మగ్గం చూపించాను.

ఆమె కత్తెర తెచ్చి మగ్గం మీద నిలువునా సాగదీసి ఉన్న పడుగు పోగుల్ని అడ్డంగా కోసేసింది. నేసేవాడు పోతే తప్ప, నేత పూర్తికాని పడుగును మా ఇళ్లల్లో కోయరు.

ఇరవై రోజులకు సర్కారు కాగితం వచ్చింది. అన్న పోయిన తేదీ, ఖాళీ మగ్గం కింద నేను వేసిన తేదీ ఒకటే.

కళ్లు చూపించుకోమని ఇప్పుడు ఎవర్నీ అనను. అమ్మను మోసం చేయబోయానన్న సిగ్గు మాత్రం ఈనాటికీ నన్ను వదల్లేదు.

ఆమె పోయాక ట్రంకుపెట్టెలో ఆ పుస్తకం దొరికింది. పదకొండు బొమ్మలూ ఉన్నాయి. ఖాళీ మగ్గం పేజీలూ ఉన్నాయి. నేను కాగితం చూసి గీసిన పేజీ ఒక్కటే చింపేసి ఉంది.