మూడు చుక్కల బోల్టు

పాత బోల్టు ఎక్కడ కనిపించినా నా వేలు దాని తల మీదికి పోతుంది. ఈ అలవాటు విస్సన్నపేట బస్సులో అంటుకుంది.

నూజివీడులో ఎక్కి నా పక్కన కూర్చున్నావిడకు యాభై ఏళ్లుంటాయి. ఆవిడ గోనెసంచి నా కాలికి గట్టిగా తగిలింది. "సారీ అండీ, బోల్టులు" అంది.

వాళ్ల నాన్న యుద్ధకాలం నాటి మిలటరీ జీపులో నలభై ఏళ్లు మామిడికాయలు తోలాడట. ఆయన పోయాక దాన్ని హైదరాబాదు నుంచి వచ్చిన, పాత బండ్లు సేకరించే ఒకాయన కొన్నాడు. ఆ పొద్దున నూజివీడు షెడ్డులో జీపు విప్పించి, భూతద్దం పెట్టి ఒక్కో బోల్టు తల మీద కంపెనీ అక్షరం వెతికాడు. అక్షరం ఉన్నవి మెత్తటి గుడ్డలో చుట్టుకున్నాడు. లేనివి పక్కన పడేస్తే ఈవిడ ఏరుకొచ్చింది.

"ఒరిజినల్ కాదన్నాడండీ. విరిగినప్పుడల్లా మా నాన్నే లేతు మిషన్ మీద చేసుకునేవాడు. చదువు రాదు కదా, తన గుర్తుగా చుక్కలు కొట్టేవాడు. చూడండి."

సంచిలోంచి ఒకటి తీసి, నా వేలు పట్టుకుని దాని తల మీద పెట్టింది. వరసగా మూడు చుక్కలు తగిలాయి. జీపు అన్నేళ్లు నడిచింది వీటి వల్లే కదా అందామనుకున్నాను. ఎందుకో నోరు రాలేదు.

ఆవిడ దిగేటప్పుడు సంచికి నేనూ ఒక చెయ్యి వేశాను. కండక్టర్ చూసి, "ఏంటమ్మా అంత బరువు? పాత ఇనుమా?" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. నేను అప్పుడూ ఏమీ అనలేదు.

"అవునండీ, పాత ఇనుమే" అని దిగిపోయింది.