ఐదో ఓటు

నాంపల్లి మేడగదిలో అక్షిత గెలిచిన తగాదాను కింది వాటా వెంకటరత్నమ్మ కళ్ళారా చూసింది. కాగితాన్ని ఫోన్‌కు చూపిస్తే పైకి చదివి వినిపించే యాప్‌ను ఆదివారాలు కూర్చుని డబ్బు తీసుకోకుండా తయారుచేసే జట్టు ఒకటి అక్కడ కలుస్తుంది. అక్షితే దానికి పెద్ద. యాప్‌లో నిదానంగా చదివించే మీట తీసేద్దామన్నాడు జట్టులోని అఖిలేష్.

"గా మీట ఎవ్వరు వాడుతలేరక్కా. సగం కోడ్ నేనే రాసిన. నా మాటకు విలువ లేదా?"

"ఉన్నది, ఒక్క ఓటంత. నాకూ గంతే. వాడేటోళ్ళను అడగకుండ ఏదీ తీసెయ్యొద్దని మనమే రాసుకున్నం గదా. గీ అమ్మను అడుగు."

"ఆ మీట లేకపోతే నా డాక్టరు చీటీ మళ్ళీ పక్కింటాయన చదవాలి అబ్బాయ్. నా జబ్బు వీధంతా తెలుస్తుంది. నువ్వొచ్చి చదువుతావా రోజూ?" అంది రత్నమ్మ.

అఖిలేష్ నవ్వేశాడు. మీట ఉండిపోయింది.

అక్షిత ఎప్పుడూ కాలు విరిగిన స్టూలు తనకే ఉంచుకుంటుంది. అందరి మాటా అయ్యాకే నోరు విప్పుతుంది. చదువు రాదని రత్నమ్మను ఒక్కనాడూ తక్కువ చేయలేదు; ఆ మేలు ముసలమ్మ మరవదు. ఆ రోజు మెట్ల దగ్గర అక్షిత ఆమె చేయి పట్టుకుని అడిగింది: "అమ్మా, మేం నలుగురం. ఐదో ఓటు మీరు తీసుకోండ్రి. నేను తప్పు చేస్తే, నన్ను గూడ వద్దనాలె."