గిన్తీలో ఎనిమిదో గొంతు

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. మిలిటరీలో పద్దెనిమిదేళ్లు లారీ నడిపాను. మనిషి అలికిడి లేని మంచుకొండల్లో ఒక్కణ్ణే బండిలో పడుకున్నాను. ఏ దయ్యమూ వచ్చి చాయ్ అడగలేదు. అలాంటివాణ్ణే ఇది రాస్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

రిటైరయ్యాక ఇబ్రహీంపట్నంలో ఒక పాత వ్యాను నడుపుతున్నాను. నెలకు రెండుసార్లు చుట్టుపక్కల మాజీ సైనికులను సికింద్రాబాద్‌లోని మిలిటరీ దవాఖానకు తీసుకెళ్లి తీసుకొస్తాను. బస్సుల్లో పోవాలంటే మూడు మారాలి. మోకాళ్లు అరిగినవాళ్లు, చూపు మందగించినవాళ్లు ఎక్కీ దిగీ చేరేసరికి డాక్టరును చూసేందుకు చిట్టీలు ఇవ్వడం అయిపోతుంది. రెండుసార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చినవాడు మూడోసారి బయల్దేరడు. మందులు మానేసి ఇంట్లో కూర్చుంటాడు.

మా వ్యానులో ఒక పద్ధతి ఉంది. బండి కదిలే ముందు గిన్తీ. పరేడులో లాగా వరసగా ఒక్కొక్కరూ తన నంబరు చెప్పాలి. ఏక్, దో, తీన్... ఎక్కినవాళ్లకూ గిన్తీకీ సరిపోకపోతే బండి కదలదు. ఇది సుబేదార్ సాబ్ పెట్టిన నియమం. యాచారం ఆయనది, మా అందరిలోకీ పెద్దవాడు.

ఎనిమిదో నంబరు మల్లయ్యన్నది. కుడి కాలు వంగదు, అందుకని చివరి సీటు మొత్తం ఆయనకే వదిలేవాళ్లం. మంచాల ఊరు దాటాక మూడు కిలోమీటర్ల మట్టిదారిలో ఆయన ఇల్లు. ముందు అక్కడికి పోయి ఆయన్ను ఎక్కించుకుని, ఇబ్రహీంపట్నం వచ్చి మిగతా ఏడుగురినీ ఎక్కించుకునేవాణ్ణి.

ఒక వానాకాలం పొద్దున ఆ దారిలో బండి దిగబడింది. దవాఖానకు ఆలస్యమై ఆరోజు ఒక్కరికీ చిట్టీ దొరకలేదు. నాకేమో ముక్కు మీద కోపం. అందరి ముందూ అనేశాను: "నీ ఒక్కనికోసం ఏడుగురు ఆగమైతున్రు అన్నా!"

మల్లయ్యన్న ఇంటి దగ్గర దిగేటప్పుడు, "ఫికర్ చెయ్యకు తమ్మీ. ఇగ నేను బస్సుల పోత," అన్నాడు.

ఆ కాలుతో పోలేడని నాకు తెలుసు. అయినా తర్వాతిసారి మంచాల వైపు పోలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. ఫోన్ చేయడానికి కూడా మొహం చెల్లలేదు. అప్పట్నుంచి గిన్తీ ఏడుతో ఆగిపోయేది. అలా నెలలు గడిచాయి.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున పెద్దచెరువు మీది మంచు ఊళ్లోకి పాకింది. బస్టాండు లేదు, దుకాణాల్లేవు, అంతా తెల్లగా ఉంది. ఎక్కడో బస్సు హారన్ వినిపించింది, అది కూడా నిద్రలో విన్నట్టే ఉంది. ఏడుగురూ శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. నేను "గిన్తీ" అన్నాను.

ఏక్ నుంచి సాత్ దాకా వచ్చింది. ఒక్క క్షణం ఖాళీ. ఆ తర్వాత చివరి సీటులోంచి, అప్పుడే నిద్ర లేచినట్టున్న గొంతు మెల్లగా అంది: "ఆఠ్."

"ఎవరే గది? పొద్దుగాల్నే పరాచికాలా?" అని కసిరాను. ఎవరూ నవ్వలేదు.

మళ్లీ గిన్తీ పెట్టాను. ఈసారి అందరూ వెనక్కి తిరిగి ఆ ఖాళీ సీటునే చూస్తూ నంబర్లు చెప్పారు. సాత్ తర్వాత మళ్లీ అదే గొంతు. ఒక్కరి పెదవీ కదల్లేదు. అది మల్లయ్యన్న గొంతు, నాతో కలిపి ఎనిమిదిమందిమీ విన్నాం.

ఆ సీటు కనిపించకుండా ముందున్న అద్దాన్ని పైకి తిప్పేశాను. అందరూ వెనక్కి చూస్తున్నారు కాబట్టి ఎవరూ గమనించలేదు. సిగ్గేసి నేనూ ఎవరికీ చెప్పలేదు.

మల్లయ్యన్నకు ఫోన్ చేస్తే బిజీ అనే వచ్చింది. సుబేదార్ సాబ్ గొంతు సవరించుకుని, "గిన్తీ ఎనిమిదొచ్చింది. ఉన్నది ఏడుగురం. ఎనిమిదోటోన్ని ఎక్కించుకోందే బండి కదలదు. తిప్పు మంచాలకు," అన్నాడు.

మంచులో ఆ దారి ఎలా పోయానో ఇప్పటికీ సరిగా గుర్తులేదు. లైట్లు వేసినా రెండు గజాల దారే కనిపించింది. ఏ మలుపు దగ్గర తిప్పాలో చేతులకే తెలిసినట్టు తిప్పుతూ పోయాను. మట్టిదారి చివర మల్లయ్యన్న భార్య లక్ష్మక్క చేతిలో ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"షుగర్ సూదులు అయిపోయి ఆరు దినాలాయె. పొద్దుగాల్నుంచి పలుకుతలేడు. ఎంతమందికి చేసినా ఒక్క ఆటో వస్తలేదు," అని ఏడ్చింది. కాస్త తేరుకుని అడిగింది: "మీకెవరు చెప్పిండ్రు?"

నలుగురం మోసుకొచ్చి ఆయన్ను ఆయన సీటులోనే పడుకోబెట్టాం. ఆ పొద్దున దవాఖాన చేరేదాకా మా వ్యాను ఎక్కడా ఆగలేదు.

మల్లయ్యన్న బతికాడు. వారం తర్వాత వార్డులో ఆయన పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే ఆయనే మొదలుపెట్టాడు.

"కలొచ్చింది తమ్మీ. బండ్లె నా సీట్ల కూసున్న. మస్తు సల్లగుండె. నంబర్ జెప్పిన. నువ్వు ఇనలేదనుకొని మల్ల జెప్పిన."

ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"గంత కోపమా నా మీద? నేను కనవడొద్దని అద్దం మీదికి తిప్పినవ్ గదరా."

ఆయన మంచం మీద తల పెట్టి ఏడ్చాను. "తప్పయిందన్నా" అన్నాను.

షుగర్ అదుపు తప్పితే మనిషికి కలవరింతలు వస్తాయని డాక్టరు చెప్పాడు. వస్తాయేమో. కానీ అద్దం సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు బండి ముందుగా ఆ మట్టిదారిలోకే పోతుంది, వానైనా సరే. గిన్తీ ఎనిమిది దాకా వచ్చాక కూడా నేను వెంటనే కదలను. ఇంకెవరినైనా వదిలేసి ఉంటానేమోనని, ఇంకొక్క క్షణం చెవి పెట్టి వింటాను.