కమాను గల్లీ ఆయమ్మ

ఆ పొద్దున చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. టైలరన్న మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ దూరం నుంచే కేకేసి మాట్లాడే మనిషి, ఆ రోజు మెల్లగా "ఆయమ్మ పోయిందమ్మా" అన్నాడు. నేను చాట కింద పెట్టలేదు. ఇంకో నాలుగు రాళ్ళు ఏరి, అప్పుడు "ఏ ఆయమ్మ?" అని అడిగాను. మా గల్లీలో ఆయమ్మ ఒక్కతే. ఆ సంగతి నాకు తెలియక కాదు.

మూడు రోజుల ముందు ఆయాసంతో దవాఖానలో చేరింది. తాను ఎన్నో ఏళ్ళు నేల తుడిచి, మంచాలు సర్ది, ముసలివాళ్ళకు ఒళ్ళు తుడిచిన దవాఖాన అది. అక్కడ ఆయాగా చేసింది కాబట్టి గల్లీలో అందరికీ ఆయమ్మ అయింది. చనిపోయే వరకూ మా గల్లీ సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆమే. సంఘం పుస్తకం రాసేది నేనే కనుక, ఆమె గురించి నాలుగు మాటలు నన్నే రాయమన్నారు. నేను చదివింది ఐదో తరగతి. చదివేవాళ్ళలో ఆమెను చూడనివాళ్ళు కూడా ఉంటారు కాబట్టి, నాకు తెలిసిన మేరకు మొదటి నుంచి చెబుతాను.

మా గల్లీ నల్లగొండ పాతబస్తీలో, సాయంత్రం గుట్ట నీడ తొందరగా పడే వైపున ఉంటుంది. గల్లీ మొదట్లో ఒక పాత రాతి కమాను ఉంది. ఎవరు కట్టించారో చెప్పేవాళ్ళు లేరు. దాని కింద నుంచి లోపలికి వస్తే రెండు వైపులా డంగు సున్నం గోడల ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ బండలు పరిచిన అరుగు. పెద్ద బండి ఏదీ కమాను దాటి రాదు. పెళ్ళికూతురుగా వచ్చిన రోజు నేను కూడా కమాను బయటే దిగి నడిచి వచ్చాను. అది కరోనా తగ్గిన ఏడు. మా ఆయన నార్కట్‌పల్లి రోడ్డు మీద టైర్ల దుకాణంలో పనిచేస్తాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో నేనూ, ఒక పక్క పడిపోయిన మా అత్తమ్మా.

ఆయమ్మ ఇల్లు గల్లీలో చివరిది. రోజూ పొద్దున ఆరింటికి బయలుదేరి కమాను దాకా నడిచేది. ఆ నడకను 'రౌండు' అనేది. ఏ నల్లా కారుతున్నదో, ఏ మురుగు మోరీ నిండిందో, ఏ స్తంభం మీద దీపం పట్టపగలు కూడా వెలుగుతున్నదో చూసుకుంటూ, ఒక్కో గుమ్మం ముందు ఆగేది. అందరూ 'బాగున్నవా' అని అడుగుతారు కదా. ఆమె అట్లా అడిగేది కాదు. "నిద్ర వట్టిందా?" అని అడిగేది. బాగున్నవా అంటే అందరూ బాగున్నా అనే అంటారనీ, నిద్ర సంగతి అడిగితే నిజం చెబుతారనీ ఆమె లెక్క.

మొదటి నెలంతా నేను తలుపు చాటున నిలబడేదాన్ని. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు భయం. ఇప్పటికీ అంతే.

"లోపట ఎవరున్నరు?"

నేను పలికేదాన్ని కాదు.

"ఊపిరి దీస్కుంటున్నవ్ గద బిడ్డా? గంతే సాలు. రేపొస్త."

మా అత్తమ్మ మంచం మీద నుంచి నవ్వేది. "గామెకు జవాబియ్యకుంటే ఇడువదే. దవాఖానల గసుంటోళ్ళను వందమందిని సూసింది" అనేది.

ఆయమ్మ పుట్టింది ఒక ఊరి చివరి వాడలో. సెంటు భూమి లేని ఇల్లు, తల్లీ తండ్రీ కూలికి పోయేవాళ్ళు. నౌకరీ దొరికాక టౌనుకు వచ్చి, కిరాయి ఇళ్ళలో ఉండి, చివరికి మా గల్లీలో చిన్న ఇల్లు కొనుక్కుందట. ఆ రోజుల్లో కొందరు ముఖం తిప్పుకున్నారని విన్నాను. ఆమె మాత్రం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని చర్చికి పోయి వచ్చేది. బోనాలప్పుడు గల్లీ ఊడ్పించేదీ, రంజాన్ నెలలో నల్లా ముందుగా విడిపించేదీ కూడా ఆమే.

ఆమె నన్ను సంఘంలోకి ఎట్లా లాగిందో ఇప్పుడు తలచుకున్నా నవ్వొస్తుంది. ఒకనాడు గుమ్మం ముందు నిలబడి, "నీ పేరు రాసిన. ఆదివారం నాలుగింటికి కమాన్ కింద మీటింగు" అంది.

"నాకేం రాదు ఆయమ్మా. ఐదో తరగతే సదివిన."

"నేను మూడే. నాకంటె రెండు తరగతులు ఎక్కువ సదివి గట్ల భయపడ్తవేందే?"

మీటింగు అంటే కమాను నీడలో ఒక జంఖానా పరిచి కూర్చోవడమే. కిరాణా దుకాణం సేటు, టైలరన్న, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు, నలుగురైదుగురు ఆడవాళ్ళు. నా చేతికి పుస్తకం ఇచ్చి "మాట్లాడింది రాయి" అన్నారు. తీర్మానం మాత్రమే రాయాలని నాకెవరూ చెప్పలేదు. మాట్లాడిందంతా రాశాను. మరుసటి మీటింగులో చదవమంటే తల దించుకుని చదివాను. 'నల్లా సంగతి మాట్లాడినారు. చాయలో చక్కెర లేదని సేటు అన్నాడు. నీ దుకాణంలో కొన్న చక్కెరే, తియ్యగా ఉండదని టైలరన్న అన్నాడు. నల్లా సంగతి మళ్ళీ మాట్లాడినారు.'

అందరూ పడీపడీ నవ్వారు. సేటు ముఖం ఎర్రబడింది. "గిదేం రాతమ్మా! గివన్ని కొట్టెయ్" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయమ్మ పుస్తకం మీద చెయ్యి పెట్టింది. "దవాఖాన చీటీల జరమెంతో రాస్తరు, రోగి మూలిగింది మాత్రం రాయరు. మన పుస్తకంల రెండు ఉండనియ్యిండ్రి" అంది. సేటు చక్కెర ఇప్పటికీ ఆ పుస్తకంలో ఉంది.

ఆయమ్మ పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉండేది. మీటింగు ముగిసిన మర్నాడు ఆమె పుస్తకం పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగి, రాసింది చదివి వినిపించేది. మగవాళ్ళు మీటింగులో సంతకం పెట్టినా, ఇంటి ఆడమనిషి గుమ్మంలో విని ఒప్పుకుంటేనే అది తీర్మానం. "మీటింగుకొచ్చెటోళ్ళు సగం మందే. ఇంట్ల ఉండేది తక్కిన సగం" అనేది.

రెండేళ్ళ కింద వానలు గట్టిగా పడ్డాయి. గుట్ట మీది నీళ్ళన్నీ గల్లీలోకి దిగి కమాను కాళ్ళ దగ్గర నిలిచేవి. ఒక పక్క రాళ్ళ నడుమ సున్నం కరిగి, బొటనవేలు పట్టేంత సందు వచ్చింది. మునిసిపాలిటీ నుంచి ఇంజనీరు సారు వచ్చి చూశాడు. ఎడమ వైపు ఇళ్ళ పొడుగునా లోతైన మోరీ తవ్వాలన్నాడు. లేకుంటే కమానును మునిసిపాలిటీవాళ్ళే దించెయ్యాల్సి వస్తుందన్నాడు. మోరీ రావాలంటే ఆ వైపు అరుగులు రెండేసి అడుగులు తెగాలి. మా ఇల్లు ఎడమ వైపే.

మీటింగులో అందరూ సరే అన్నారు. మా ఆయన కూడా సరే అన్నాడు. కమాను పోతే గల్లీకి ముఖం పోయినట్టే అని పెద్దమనుషులు అన్నారు. నేను పుస్తకంలో 'అందరూ ఒప్పుకున్నారు' అని రాశాను.

రాసి ఇంటికి వచ్చాను. అరుగు మీద గోడకు ఆనుకుని అత్తమ్మ కూర్చుని ఉంది. ఆమెకు ఎడమ చెయ్యీ కాలూ రావు. పొద్దున ఆమెను నేను ఎత్తి అక్కడ కూర్చోబెడితే, సాయంత్రం మళ్ళీ ఎత్తి లోపలికి తెచ్చేదాకా ఆమె లోకమంతా ఆ అరుగే. కూరగాయల బండామె ఆగి బెండకాయలు లేతవో కావో ఆమెనే అడుగుతుంది. బడి పిల్లలు సంచులు ఆమె పక్కన పడేసి ఆడుకుంటారు. రెండడుగులు తెగితే మిగిలేది జానెడున్నర. పిల్లి కూర్చోవచ్చు. ఆ రోజు ఆమె ముఖంలోకి నేను చూడలేకపోయాను.

మర్నాడు ఆయమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి చదివింది. 'అందరూ ఒప్పుకున్నారు' దగ్గర ఆగింది.

"అందరంటే? నువ్వు గూడనా?"

నేను అరుగు వైపు చూశాను.

"సేటు చక్కెర రాసినవ్, టైలరు ఎక్కిరింపు రాసినవ్. నీ మనసుల మాట యాడ రాసినవ్ బిడ్డా?"

నాకు ఏడుపు వచ్చింది. "నువ్వే చెప్పు ఆయమ్మా, నాతోని గాదు" అన్నాను.

"నేను చెప్తే నా మాటైతది. మీటింగు మళ్ళ వెడ్త. నువ్వే చెప్పాలె" అని, చదవడం అక్కడే ఆపి పుస్తకం మూసి వెళ్ళిపోయింది.

మళ్ళీ జంఖానా పరిచారు. నేను లేచి నిలబడ్డాను కానీ నోరు రాలేదు. చెంగు వేలికి చుట్టుకుంటూ ఉన్నాను. సేటు అరచేతులు రుద్దుకుంటూ, "ఎల్లుండి ఇంజనీరొస్తడు. గీ పిల్ల నోరు దెరిచేసరికి కమాన్ దానంతటదే కూల్తది" అన్నాడు. కొందరు నవ్వారు.

"కూలితే కూలనియ్, సేటు. నేనైతే కూసునే ఉంట" అంది ఆయమ్మ. ఒళ్ళో పల్లికాయలు పోసుకుని ఒలవడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు. ఒక్క మాట అందించలేదు. ఆమె పల్లికాయల చప్పుడు ఒక్కటే వినబడుతున్నది. అప్పుడు ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందో! ఆ కోపంలోనే కావచ్చు, నోరు తెరుచుకుంది.

"మా అత్తమ్మ యాడ గూసుంటది?"

అంతే అన్నాను. ఇంకేమీ రాలేదు. కూర్చున్నాను.

ఎవరూ నవ్వలేదు. టైలరన్న నేల మీద వేలితో మోరీ గీత గీసి, "మోరీ అరుగు కిందికెళ్లి పోతే ఏమైతది? గోడలు అరుగెత్తుకు లేపి, పాత బండలే మళ్ళ పైన ఎయ్యొచ్చు గద" అన్నాడు.

ఇంజనీరు సారు వచ్చిన రోజు ఒప్పుకోలేదు. పైన బండలు వేస్తే మోరీ ఎట్లా సాఫు చేస్తారని అడిగాడు.

"సిమెంటు వెట్టం సారూ. నెలకోపాలి బండలు మేమే లేపుతం, మీ మనుషులతోని సాఫు చేపియ్యిండ్రి. నేను ఎన్ని మంచాల కింద సాఫు చేసిన్నో మీకెరుకనా? పైన మనిషి కూసుంటె మోరీకేం నొప్పి?" అంది ఆయమ్మ.

ఆయన నవ్వాడు. నవ్వాక ఇక కాదనలేకపోయాడు. మాట రాసి ఇమ్మన్నాడు. నేనే రాశాను. ఈసారి గుమ్మాలన్నీ తిరిగి చదివాకే సంతకాలు అయ్యాయి. మా గుమ్మంలో అత్తమ్మ కుడిచేతి బొటనవేలు నేనే పట్టి అద్దించాను.

అప్పటి నుంచి నెలలో మొదటి ఆదివారం ఎడమ వైపు ఇళ్ళవాళ్ళం అందరం బండలు లేపుతాం. ఆయమ్మ చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకుని, అందరికన్నా ముందు గడ్డపార పట్టుకునేది. ఆమెది ఎడమ వైపు ఇల్లు కూడా కాదు. పని అయ్యాక గిన్నెలో సబ్బునీళ్ళు పెట్టి, "ముందుగల చేతులు కడుగుండ్రి, తర్వాత కొట్లాడుండ్రి" అనేది. ఎవరి బండ ఎవరి బండ మీద పడిందని ప్రతి నెలా ఒక కొట్లాట తప్పక ఉండేది.

ఈ మధ్య ఆమె రౌండులో నాలుగైదు చోట్ల ఆగి ఊపిరి తీసుకునేది. "నిద్ర వట్టిందా ఆయమ్మా?" అని ఒకరోజు నేనే అడిగాను. కాసేపు నన్నే చూసి, "పట్టలే బిడ్డా" అంది. రోజూ పొద్దున అందరినీ అడిగే ఆ మాట ఆమెను ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు.

ఆమెను తీసుకుపోయే రోజు బండి కమాను బయటే ఆగింది. చివరి ఇంటి నుంచి ఆమె ఉన్న పెట్టెను నలుగురు భుజాల మీద మోసుకుంటూ వచ్చారు. వాళ్ళలో సేటు ఒకడు. మా ఇంటి ముందుకు వచ్చేసరికి సేటు అలిసిపోయి, భుజం మార్చుకోవాలి, ఒక్క నిమిషం ఆగమన్నాడు. పెట్టెను నేల మీద దించడానికి ఎవరికీ మనసు రాలేదు.

అత్తమ్మ అరుగు మీదే ఉంది. ఎప్పుడూ నేను జరిపితే తప్ప జరగని మనిషి, కుడిచెయ్యి బండకు ఆనించి, పళ్ళు బిగబట్టి, గోడ వైపుకు జానెడు జరిగింది. ఖాళీ అయిన జాగా మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"ఈడ వెట్టుండ్రి" అంది.

పెట్టెను ఆమె పక్కన దించారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని మెల్లగా ప్రార్థన చేస్తున్నారు. అత్తమ్మ పెట్టె మీద చెయ్యి వేసి, నాకు మాత్రమే వినబడేటట్టు అంది. "ఇన్నేండ్లు గీ గుమ్మం ముంగట నిలవడ్డది. ఒక్కనాడు గూసో అనలేదే నేను."

నేనూ అనలేదు. ప్రార్థన అయిపోయింది. సేటు భుజం మీద తువ్వాలు సర్దుకుని, ఇక లేపుదామా అన్నట్టు అత్తమ్మ వైపు చూశాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.

"జరసేపు గూసోనియ్యిండ్రి" అంది.

ఎవరూ తొందర పెట్టలేదు. గల్లీ అంతా అట్లాగే నిలబడింది. వాళ్ళిద్దరి కింద, బండల అడుగున నీళ్ళు కమాను వైపు పోతున్నాయి.