మా ఇంటికి జమ్మి తెచ్చిన సేటు

ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్లు మా నిజామాబాద్‌లో లేరు. సేటు అంటే చాలు. ఊళ్లో బీడీ కార్ఖానాలు, బోధన్ వైపు చెరకు తోటలు, ఎక్కడికి పోయినా పలుకుబడి. అరవైల చివర్లో, నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో, ఆయనను సభల్లో, పెళ్లిళ్లలో చాలాసార్లు కలిశాను. అది నా గొప్ప కాదు, నా గొంతు గొప్ప. ఆయనకు ఎక్కడ సన్మానం జరిగినా పత్రం రాసి చదివే పని నా మీదే పడేది. దీనబంధువని, దానకర్ణుడని నోరారా చదివేవాణ్ణి. ఆయన శాలువా సర్దుకుంటూ తల వంచుకుని వినేవాడు. అయ్యాక భుజం తట్టి, "మంచిగ సదివినవ్ పంతులూ" అనేవాడు.

ఆ సేటు కార్ఖానాలోనే నన్ను కన్న అవ్వ పేరు కొట్టేశారు. కీళ్ల నొప్పులతో ఆమె వేళ్లు సరిగా వంగేవి కావు. బీడీలు వదులుగా వస్తున్నాయని అక్కడ సరుకు చూసి తీసుకునే మనిషి ఆమె కార్డు లాగేసుకున్నాడు. కార్డు లేనిదే ఆకు ఇవ్వరు, తంబాకు ఇవ్వరు. బతుకంతా బీడీలు చేసిన మనిషి పక్కింటామె కార్డు మీద చాటుగా చేయాల్సి వచ్చింది. నా జీతం ఉంది కదా, మానెయ్యమంటే వినేది కాదు.

"గా కార్డు మీద నా పేరుండె బిడ్డా. ఇంకేడున్నది నా పేరు?" అనేది. "సేటుతోని గంత మంచిగ మాట్లాడుతవు గద, ఒక్క మాట అడుగు."

అడగలేదు. బోధన్‌లో ఒక పెళ్లిలో ఆయన పక్కనే కూర్చుని భోంచేసి కూడా అడగలేదు. బీడీలు చేసే ఆమె కొడుకునని పదిమందిలో చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. దానికి ఇంకో పేరు పెట్టి తప్పించుకోను.

చివరికి ఒక ఉపాయం తోచింది. దసరా నాడు బంగారమంటూ జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకునే వేళ పగవాడు అడిగినా కాదనరు మా దగ్గర. సేటుకు ఆ రోజు పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి జమ్మి పెట్టే అలవాటు. మా ఇంటికి కూడా రావాలని అడిగితే, "ఎందుకు రాను పంతులూ" అన్నాడు. "రేపు నువ్వే అడుగు" అని అవ్వకు చెప్పాను. ఏం అడగాలో పాపం పొద్దంతా గొణుక్కుంటూ నేర్చుకుంది.

పండుగ సాయంత్రం సేటు వచ్చాడు. అవ్వ చేతిలో జమ్మి పెట్టి, "బంగారం తీసుకో అవ్వా" అని, పట్టు ధోవతితోనే నేల మీదికి వంగి ఆమె కాళ్లు మొక్కాడు. అవ్వ నోరు తెరిచింది. నా వైపు చూసింది. తర్వాత ఆయన తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు బిడ్డా, నీ ఇల్లు పచ్చగుండాలె" అంది. ఆయన వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. ఎందుకు అడగలేదని ఆమె మీద అరిచాను.

"కాళ్లు మొక్కినోన్ని ఏమడుగుతర్రా? దీవించుడే గద. జమ్మి నాడే పిలవాల్నా, ఇంకోనాడు దొరకలేదా నీకు?" అంది.

పుట్టి పెరిగిన ఊరి పద్ధతి నాకే తట్టలేదు. ఆమెను పెద్దమనిషిగా కూర్చోబెట్టి, అడుక్కోమన్నాను. ఆ చలికాలంలో జ్వరం తగిలి అవ్వ పోయింది. మంచం పట్టేదాకా పక్కింటామె కార్డు మీదే చేసింది.

తర్వాత ఒక పెళ్లి విందులో సేటు నన్ను దగ్గరికి పిలిచాడు. "మీ అవ్వ మంచిగున్నదా పంతులూ? నా తల మీద చెయ్యి పెడితే గరుకుగ తాకింది, మా అవ్వ యాదికొచ్చింది. ఏం పని చేస్తుండె?"

"మీ కార్ఖానాల బీడీలు చేసేది సేట్" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. ఎవరూ నవ్వలేదు.

"అరే, ఇన్నేండ్లు చెప్పకపోతివి! రేపు పంపియ్యి. ఆమెకేం కావాల్నో నేనే అడుగుత" అన్నాడు.

అవ్వ పోయి నెల దాటిందన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"పంపిస్త సేట్" అన్నాను.