వాచ్‌మన్ వేషం మీద ఒక్క ముక్క తీర్పు

2011లో, సకల జనుల సమ్మెకు కొన్ని నెలల ముందు, మా పత్రిక వరంగల్ జిల్లా ఎడిషన్‌లో సినిమా శీర్షిక నాకు అప్పగించారు. నా హోదా కంట్రిబ్యూటర్. అంటే విలేకరే కానీ స్టాఫ్ రిపోర్టర్‌కు ఒక మెట్టు కింద, ఆఫీసులో టీ తెచ్చే మనిషికి ఒక మెట్టు పైన. ఆ రెండో మెట్టు సంగతి టీ తెచ్చే మనిషి ఎన్నడూ ఒప్పుకోలేదు. నా సెంటర్లు మూడు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. అప్పటికి మూడూ ఒకే జిల్లా. మొదటి రెండింటికి రైలు, మూడోదానికి బస్సు, బస్సు దొరకని రోజు బొగ్గు లారీ. చదువు ఏడో తరగతితో ఆగింది. బడికి పోయే దారిలో టాకీసు ఉండటం నా తప్పు కాదు, ఊరు కట్టినవాళ్లది.

శీర్షిక పేరు ‘ఒక్క ముక్క’. శుక్రవారం ఉదయం ఆట చూసి, మధ్యాహ్నంలోగా హన్మకొండ డెస్కుకు ఫోన్‌లో తీర్పు చెప్పాలి. డెస్కు అంటే మేం పంపింది కత్తిరించి పేజీలో అమర్చే విభాగం. మేం పంపనిది కూడా ఒక్కోసారి అమర్చేవాళ్లు. నాకిచ్చిన జాగా పేజీ మూలన అగ్గిపెట్టెంత. అందులో కథకు చోటుండదు, నటుల పేర్లకు చోటుండదు. తీర్పు ఒక్కటే పడుతుంది.

ఎట్లా ఉండేవో కొన్ని చెబుతాను. ఒక దయ్యం సినిమాకు, ‘అందరిలోకీ తెలివిగా నడుచుకున్నది దయ్యమే’ అని రాశాను. సుమోలు గాలిలోకి లేచే ఫ్యాక్షన్ సినిమాకు, ‘సుమోలు ప్రాణం పెట్టి నటించాయి.’ ప్రేమకథకు, ‘వాళ్లు కలిసే సరికి మాకు ఓపిక విడిపోయింది.’ భక్తి చిత్రానికి, ‘దేవుడు ప్రత్యక్షమయ్యాడు, అప్పటికి జనం క్యాంటీన్‌లో ఉన్నారు.’ అరవం నుంచి తెచ్చిన పోలీసు కథకు, ‘దొంగ దొరికాడు, కథ ఇంకా పరారీలో ఉంది.’ భూపాలపల్లి గని కార్మికులు వీటిని షిఫ్టు దిగి వచ్చి హోటల్లో చదివించుకునేవాళ్లు. కొందరు అక్కడే సినిమా చూసినంత సంతోషపడి ఇంటికి పోయేవాళ్లు. థియేటర్ల వాళ్లకు నా మీద కోపం అందుకే.

పని పద్ధతి నాకు నేనే కట్టుకున్నది. ముందు వరసలో, గోడ పక్క సీట్లో, సగం జనం వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. తెర మీద జరిగేది ఒక కంటితో, కుర్చీల్లో జరిగేది ఒక కంటితో. సినిమా బాగుంటే జనం కాళ్లు కదలవు. బాగా లేకపోతే ముందు కాళ్లు మాట్లాడతాయి, తరవాత నోళ్లు.

ఆ కాలంలో జనగామలో ఒక కొత్త ఏర్పాటు వచ్చింది. దశాబ్దాలుగా సినిమాల్లో మన తెలంగాణ మాట రౌడీకి, పనిమనిషికి, తెలివి తక్కువ వాడికి మాత్రమే పెట్టారు. ఉద్యమం ముదిరాక జనం ఊరుకోవడం మానేశారు. పోస్టర్లు చిరిగాయి, ఆటలు ఆగాయి. థియేటర్ యజమాని కైలాసం సేటు కిరాణా హోల్‌సేల్ కుటుంబంలోవాడు. పప్పుల బస్తాకూ సినిమాకూ తేడా లేదనేది ఆయన సిద్ధాంతం, పురుగు పట్టకముందే అమ్మాలి. ఆయనా, విద్యార్థి జేఏసీ కన్వీనర్ సురేందరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఉదయం ఆట నడవాలి. నేను చూసి, మన మాటకు అవమానం ఉందో లేదో టికెట్ల కిటికీ పక్కన నల్ల పలక మీద రాయాలి. ఉంది అంటే మ్యాట్నీ నుంచి సినిమా బంద్. ఇద్దరూ నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, ఇద్దరి సినిమా అభిరుచినీ నేను సమానంగా వెక్కిరించినవాణ్ణి.

అట్లాంటి ఒక శుక్రవారం సారయ్య వచ్చాడు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి వాడు, ఉద్యమం కోసం ఆటపాటలతో జరిపే ధూంధాం సభల్లో పాడేవాడు. అతను గొంతెత్తితే మైకు దండగ అనేవాళ్లు. ఆ వారం వచ్చిన కుటుంబ హాస్య చిత్రంలో అతనిది చిన్న వేషం, బంగళా గేటు కాడ వాచ్‌మన్. మొదటిసారి తెరకెక్కాడు. నా పక్క సీట్లో కూర్చుని, “అన్నా, నా సీన్ల ఒక మంచి మాట పడ్డది. నేనే అన్న, డైరెక్టర్ సారు కూడ నవ్విండు. జర చూడు,” అన్నాడు.

సీను వచ్చింది. బంగళా యజమాని వాచ్‌మన్‌ను పట్టుకుని, మనుషుల భాష మాట్లాడరా అని కసురుతాడు. హాలు బిగుసుకుంది. తెర మీద సారయ్య పెదాలు కదిలాయి. వచ్చిన గొంతు సన్నగా, పిల్లి అరిచినట్టు ఉంది. “గట్లే గిసారూ, గితప్పయింది గిసారూ, గిక్షమించుండ్రి!”

మన మాట నేర్చుకోవాలనుకునే బయటి వాళ్లు చేసే పొరపాటు అదే. ప్రతి మాట ముందూ ఒక ‘గి’ తగిలిస్తే తెలంగాణ అయిపోతుందనుకుంటారు, కూరలో ఉప్పు తక్కువైందని చారులో, పాయసంలో కూడా వేసినట్టు. ఒక చెప్పు తెరకు తగిలింది. వెనక నుంచి ఎవరో అరిచారు: “అరే సారిగా! పైసలకు నోరమ్ముకున్నవారా?”

పక్కకు చూశాను. సారయ్య సీట్లోంచి సగం లేచాడు. “అన్నా, గది నా గొంతు కాదు,” అన్నాడు.

ఇక్కడ వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. షూటింగులో పలికిన మాటలు సినిమాలో అట్లాగే రావు. తరవాత స్టూడియోలో బొమ్మ చూస్తూ మళ్లీ పలకాలి. దాన్ని డబ్బింగ్ అంటారు. పెద్ద నటుడు రాకపోతే ఆగుతారు, చిన్న వేషగాడు రాకపోతే అక్కడున్న ఎవరి చేతనో పలికిస్తారు. సారయ్యను పిలిచిన రోజు అతను మహబూబాబాద్ ధూంధాంలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. అతని గొంతుతో పాటు అతను చెప్పిన మాట కూడా పోయింది.

ఇంటర్వెల్‌లో సురేందర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మామూలుగా నా జోకులకు ముందే నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. “ఒక్కముక్కన్నా, సినిమా సంగతి ఎట్లనో గట్ల జూస్తం. సారన్న ఇగ మా స్టేజీ ఎక్కొద్దు. పొద్దున గిది మాట్లాడి, మాపటికి జై తెలంగాణ అంటే జనం ఒప్పుకోరు,” అన్నాడు. సారయ్య వెనకే ఉన్నాడు, అంతా విన్నాడు. పాట లేకపోతే అతనికి ఊళ్లో కూలి పనుంటుంది, తిండికి లోటుండదు. కానీ ఆ స్టేజీ దిగినవాడు సారయ్య కాడు.

పలక నా చేతిలో ఉంది. ‘అవమానం ఉంది’ అని రాస్తే నిజమే. ‘లేదు’ అని రాస్తే అబద్ధం. అబద్ధం మీద నాకు అభ్యంతరం లేదు, కానీ ఇది దొరికిపోయే రకం. రెండింటిలో ఏది రాసినా సారయ్య మీదనే పడుతుంది. సుద్దముక్క తీసుకుని ఇట్లా రాశాను: ‘మొహం మనోనిది. గొంతు కిరాయిది.’

సురేందర్ చదివాడు. “రుజువేంది?” అన్నాడు.

“మ్యాట్నీకి కూసో, చూపెడతా,” అన్నాను. నాకు అనుమానం లేదు. సారయ్య పెదాలు ఆ మాటలకు అతకలేదని నేను చూశాను.

ఆపరేటర్ మొగిలిని అడిగాను. వాచ్‌మన్ నోరు తెరిచినప్పుడు సౌండు తగ్గించి, యజమాని నోరు తెరిచినప్పుడు పెంచాలి. మొగిలి, “గంతేనా? కరెంటు పోయినప్పుడు నేను మొత్తం సినిమానే నోటితోని చెప్పిన,” అన్నాడు. డిస్ట్రిబ్యూటర్ తరఫున వసూళ్లు చూడటానికి వచ్చిన రెప్ మాత్రం అడ్డం పడ్డాడు. సౌండు ముట్టుకోవడం అగ్రిమెంటులో లేదండీ అన్నాడు. కైలాసం సేటు ఆయన భుజం మీద చెయ్యి వేసి, “నాయినా, తెర మీద చెప్పులు పడుడు ఉన్నదా అగ్రిమెంటుల?” అని అడిగాడు. రెప్ కూర్చున్నాడు.

మ్యాట్నీలో సీను రాగానే సారయ్య తెర కింద నిలబడ్డాడు. యజమాని కసిరాడు, మనుషుల భాష మాట్లాడరా అని. సౌండు పోయింది. పైన సారయ్య పెదాలు, కింద సారయ్య గొంతు. “మాట్లాడుతనే ఉన్న సారూ. ఇనుడు మీరే నేర్వాలె!”

పెదాలకు మాట అచ్చంగా అతికింది. ఈలలకు పైకప్పు రేకులు మోగాయి. ఆ సంతోషంలో మొగిలి సౌండు పెంచడం మరిచిపోయాడు. తెర మీద యజమాని చేతులు ఊపుతూ మూగగా తిడుతున్నాడు. సారయ్య ఆగలేదు, ఆయన మాట కూడా తానే అందుకుని, సర్కారు జిల్లాల మర్యాదంతా గొంతులో పోసి, “అలాగేనండీ వాచ్‌మన్ గారూ, రేపట్నించీ నేర్చుకుంటానండీ!” అన్నాడు. ఆ మాట ఏ స్క్రిప్టులోనూ లేదు. రెప్ కూడా నవ్వాడు, ఆయనది రాజమండ్రి.

సురేందర్ బయటికి వచ్చి, డబ్బింగ్‌కు పిలిచింది ఏ రోజని సారయ్యను అడిగాడు. చెప్పగానే, “గారోజు మా స్టేజీ మీద పాడుతున్నవ్ గదనే. నేనే ఇంకో పాట అని ఆపిన,” అన్నాడు. ఆదివారం సభ పోస్టర్‌లో సారయ్య పేరు ఉంది.

డెస్కు ఇన్‌చార్జి ఫోన్‌లో, ఇదేం తీర్పయ్యా, సినిమా చూడాలా వద్దా అని అడిగాడు. చూడొచ్చు, వాచ్‌మన్ సీన్లో చెవులు మూసుకుని అని చెప్పాను. అగ్గిపెట్టెలో రెండూ అచ్చు వేశారు. సోమవారం మహబూబాబాద్‌లో సారయ్యను పిలిపించి అదే సీను మళ్లీ చెప్పించుకున్నారు. భూపాలపల్లిలోనూ అంతే, అక్కడ ఒక గని కార్మికుడు లేచి సారయ్యతో, “అన్నా, సౌండు మొత్తం బందువెట్టి సినిమా అంతా నువ్వే జెప్పు. ఒక్కముక్కన్నకు సుత రాసుడు తప్పుతది,” అన్నాడు. అప్పటికి సంగతి డిస్ట్రిబ్యూటర్‌కు చేరింది, తరవాతి ఆట నుంచి సౌండు ముట్టుకోనివ్వలేదు. సినిమా రెండో వారం చూడకుండానే పోయింది. దాని గురించి ఎవరూ బాధపడలేదు.

మా పనిలో పదవీ విరమణ ఉత్తర్వులు ఉండవు. కళ్లజోడు నంబరు పెరిగి, నేనే మానేశాను. మానేసే వరకూ చేసిన పనల్లా ఇది: ఏ సినిమా మీదైనా తీర్పు చెప్పే ముందు, అందులో తప్పు ఎవరిదో పేరు పెట్టి తేల్చుకున్నాను, కథ రాసినవాడిదా, తీసినవాడిదా, పలికినవాడిదా అని. తేలకపోతే ఆ వారం సుమోల మీద రాసుకున్నాను. పెద్ద వ్యాసంలో మనిషి తప్పుకోవడానికి సందు ఉంటుంది. ఒక్క ముక్కలో ఉండదు, ఎవరి మీద పడితే వాడి మీదే ఉండిపోతుంది.